చెరువు కథ నుంచి కవిత్వతత్త్వం దాకా: కట్టమంచి రామలింగారెడ్డి గారు

తెలుగులో ఆధునిక విమర్శకు దారి వేసిన పుస్తకం ఏది అని పరీక్షలో అడిగితే మనమందరం రాసే జవాబు ఒకటే. కట్టమంచి రామలింగారెడ్డి గారి ‘కవిత్వతత్త్వ విచారము’, 1914. రెండు మార్కులు వచ్చేస్తాయి. ఆ తర్వాత ఆయన్ని అక్కడే వదిలేసి ముందుకు పోతాం.

అదే పేరు ఎకనామిక్స్ చదివే స్నేహితురాలిని అడగండి. తెలుగులో అర్థశాస్త్రం రాసిన తొలివాళ్ళలో ఆయన ఒకరని చెబుతుంది. హిస్టరీ వాళ్ళు సి.ఆర్.రెడ్డి అంటారు. మద్రాసు శాసనసభలో మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టిన మనిషిగా వాళ్ళకు తెలుసు. విశాఖపట్నం వైపు వాళ్ళకు ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్ ఛాన్సలర్. ఒకే మనిషి నాలుగు క్లాసురూముల్లో నాలుగు ముక్కలై ఉన్నాడన్నమాట.

ఈసారి మన గోడపత్రిక అంశం ‘సాహిత్యం, ఇతర శాస్త్రాలు’. ఇంటర్ డిసిప్లినరీ అని పెద్ద మాట వాడుతున్నాం గానీ అర్థం చిన్నదే. ఒక కావ్యాన్ని చదివేటప్పుడు చరిత్ర, ఆర్థికం, మనస్తత్వం, సమాజం తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా అడగడం. ఇదేదో ఈమధ్య బయటినుంచి వచ్చిన పద్ధతి అనుకుంటాం. కానీ నూరేళ్ళ కిందటే మన పక్క ఊరి మనిషి ఒకాయన తెలుగులో ఈ పని చేసి చూపించాడు. అందుకే ఆ నాలుగు ముక్కల్నీ ఒకచోట పెట్టి ఆయన జీవితం చెప్పాలనిపించింది.

పక్క ఊరి మనిషి

రామలింగారెడ్డి గారు 1880 డిసెంబర్ 10న చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచిలో పుట్టారు. తండ్రి సుబ్రహ్మణ్యం రెడ్డి గారు న్యాయవాది. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు, అంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మన తిరుత్తణి కూడా ఆ జిల్లాలోనే ఉండేది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది.

మాది తిరువళ్ళూరు దగ్గర వెంగల్. మా ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ నడుస్తాయి. అవ్వతో తెలుగు, బజారులో తమిళం, కోపం వస్తే ఏది ముందు నోటికి వస్తే అది. అందుకని ఈ సరిహద్దుల సంగతి నాకు మ్యాపులో గీత కాదు. రామలింగారెడ్డి గారు పెరిగిన చోటు కూడా ఇలాంటిదే. తెలుగు, తమిళం, ఇంకొంచెం పడమరకు పోతే కన్నడం, మూడూ కలిసే చోటు. ఒక భాషలో విన్న కథను ఇంకో భాషలో పోల్చి చూసుకోవడం ఇలాంటి చోట పెరిగినవాళ్ళకు ఎవరూ నేర్పించక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన పుట్టిన ఎనిమిదేళ్ళకు, 1888లో, అదే జిల్లాలోని తిరుత్తణిలో ఒక తెలుగు ఇంట్లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టారు. వీళ్ళిద్దరి దారులూ జీవితమంతా ఒకదాన్నొకటి దాటుతూనే ఉంటాయి. ముందుముందు చెబుతాను.

మన వయసులో రాసిన కావ్యం

చిత్తూరులో స్కూలు చదువయ్యాక ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. ఆ కాలేజీలో ఆంధ్ర భాషాభిరంజని సమాజం అని విద్యార్థుల తెలుగు సంఘం ఉండేది. మన గోడపత్రికకు అక్క లాంటిది అనుకోవచ్చు. ఆ సమాజం 1899లో పెట్టిన కావ్యరచన పోటీకి ఆయన ‘ముసలమ్మ మరణము’ రాసి బహుమతి గెలుచుకున్నారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదో ఏడు నడుస్తోంది. అంటే మన వయసే.

ఆ వయసు పిల్లవాడు, అందులోనూ పద్యం బాగా వచ్చినవాడు, పోటీకి ఏం రాస్తాడు? పురాణంలోంచి ఒక కథ తీసుకుంటాడు. లేదంటే ఒక రాజు, ఒక రాణి, ఒక వసంతకాలం. ఈయన మాత్రం అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కథ తీసుకున్నారు. ఆ కథ దొరికింది కూడా కావ్యాల్లో కాదు, చరిత్ర పుస్తకంలో. సి.పి.బ్రౌన్ దొర అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో ఉన్న స్థానిక కథ అది.

కథ చిన్నది. వానలు ముంచెత్తి చెరువుకట్ట తెగుతుంది. కింద ఊళ్ళు మునిగిపోతాయి. ముసలమ్మ అనే కాపుటింటి కోడలు ప్రాణమిస్తేనే కట్ట నిలుస్తుందని దైవవాణి వినిపిస్తుంది. పేరు ముసలమ్మ గానీ ఆమె వయసులో ఉన్న పిల్ల. అత్తమామలకు, భర్తకు, బిడ్డలకు చెప్పుకొని గండి దగ్గరకు నడిచిపోతుంది. కట్ట నిలుస్తుంది. ఆమె తిరిగి రాదు.

ఇందులో కొత్త ఏమిటో చూడండి. నాయిక రాజకుమారి కాదు, రైతు ఇంటి కోడలు. ముగింపు పెళ్ళి కాదు, చావు. మన పాత కావ్యాలు మంగళాంతం కావాలనే నియమం పెట్టుకున్నాయి. ఈయన విషాదాంతం రాశారు, పేరులోనే ‘మరణము’ అని పెట్టారు. గురజాడ వారి ‘ముత్యాల సరాలు’ 1910లో వచ్చింది. దానికి పదేళ్ళ ముందే వచ్చిన ఈ చిన్న కావ్యం నుంచే ఆధునిక కవిత్వం మొదలైందని వాదించే విమర్శకులు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదం తేల్చడం నా పని కాదు. కవిత్వానికి సరుకు చరిత్రలోనూ ఊరి కథలోనూ దొరుకుతుందని ఆయన పందొమ్మిదో ఏటే కనిపెట్టారు. నాకు ముఖ్యమనిపించింది అది.

కేంబ్రిడ్జి, బరోడా, మైసూరు

బి.ఏ. అయ్యాక ప్రభుత్వ స్కాలర్‌షిప్ వచ్చింది. 1902లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి చరిత్ర చదివారు. అక్కడి యూనియన్ సొసైటీ అంటే వాదోపవాదాలకు పెట్టింది పేరు. దానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన తొలి భారతీయుడు ఆయనే. జీవితమంతా ఆయనకున్న వక్త అనే పేరు అక్కడినుంచే మొదలైంది. మాట చురుకు, ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా వెనక్కి తగ్గని స్వభావం.

తిరిగి వచ్చాక బరోడా మహారాజు గైక్వాడ్ కాలేజీలో ఉద్యోగం చేశారు. అంతకుముందు అరవిందులు పనిచేసిన కాలేజీ అది. తర్వాత 1909లో మైసూరు మహారాజా కాలేజీకి వచ్చారు. మైసూరులోనే ఆయన జీవితంలో పన్నెండేళ్ళు గడిచాయి. ఆచార్యుడిగా మొదలుపెట్టి ప్రిన్సిపాల్ అయ్యారు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు ఆ పనిలో పాలుపంచుకున్నారు, 1918లో సంస్థానం మొత్తానికి విద్యాశాఖ ఉన్నతాధికారి అయ్యారు. ఆ పదవిలో ఉన్నప్పుడే ప్రభుత్వ పాఠశాలల్లో అంటరానివాళ్ళన్న పేరుతో దూరం పెట్టిన కులాల పిల్లలను కూడా చేర్చుకోవాలని పట్టుబట్టారు. చాలామందికి కోపం వచ్చింది, ఆయన మాత్రం జంకలేదు.

మైసూరులో ఆయన చేసిన ఇంకో మంచిపని మనుషుల్ని గుర్తించడం. 1912లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మహారాజా కాలేజీకి తెలుగు పండితులుగా వచ్చారంటే దాని వెనుక రెడ్డిగారి చొరవ ఉంది. శర్మగారికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. సంస్కృతం, తెలుగు, సంగీతం మూడూ తెలిసిన యువకుడు. ఇలాంటి మనిషి ఏ డిపార్ట్‌మెంటుకు చెందుతాడు అని రెడ్డిగారు వెనకాడలేదు.

1918లో రాధాకృష్ణన్ గారు కూడా మైసూరుకు తత్త్వశాస్త్రం ఆచార్యులుగా వచ్చారు. ఒకరు చరిత్ర నుంచి సాహిత్యంలోకి వచ్చినవారు. ఇంకొకరు తత్త్వశాస్త్రం చెబుతూ, అదే ఏడు రవీంద్రనాథ్ ఠాగూరు తాత్త్విక చింతన మీద పుస్తకం వేసినవారు. ఇద్దరూ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థులే, ఇద్దరూ ఉత్తర ఆర్కాటు వాళ్ళే.

కళాపూర్ణోదయాన్ని అడిగిన ప్రశ్నలు

మైసూరులో ఉన్నప్పుడే, 1914లో, ‘కవిత్వతత్త్వ విచారము’ వచ్చింది. అది పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయము’ మీద విమర్శ.

సూరన 16వ శతాబ్దపు కవి. కళాపూర్ణోదయం కథ చదివినవాళ్ళకు తల తిరుగుతుంది. బ్రహ్మ సరస్వతితో సరసంగా ఉన్నప్పుడు ఒక కథ చెబుతాడు. ఒక చిలుక దాన్ని వింటుంది. ఆ కథ భూమి మీద మనుషుల బతుకై నడుస్తుంది. నారదుడి శిష్యుడు మణికంధరుడు, ద్వారకలో వేశ్యాంగన కలభాషిణి, వీళ్ళు మళ్ళీ పుట్టి కళాపూర్ణుడు, మధురలాలస అవుతారు. మణిస్తంభుడు, సుముఖాసత్తి అనే జంట స్త్రీపురుష రూపాలు మార్చుకుని కళాపూర్ణుడికి తల్లిదండ్రులవుతారు. ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ వస్తుంది. ముడులన్నీ చివర్లో విడిపోతాయి.

అప్పటిదాకా ఇలాంటి కావ్యాన్ని పండితులు ఎలా చదివేవారు? ఈ పద్యంలో అలంకారం ఏది, ఈ సమాసం సాధువా అసాధువా, ఈ వర్ణన లక్షణ గ్రంథాల ప్రకారం ఉందా లేదా. అవి పనికిరాని ప్రశ్నలేమీ కావు. కానీ పద్యం పద్యంగా విడగొట్టి చూస్తే కావ్యం మొత్తం కనపడదు. చీర నేత ఎలా ఉందో చెప్పమంటే ఒక్కొక్క పోగూ పీకి చూపించినట్టు ఉంటుంది.

రెడ్డిగారు వేరే ప్రశ్నలు వేశారు. ఈ కథను కవి ఎలా కట్టాడు? పాత్రలు మనుషుల్లా ప్రవర్తిస్తున్నాయా, లేక అందరూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నారా? ఒక పాత్ర ఒక పని చేస్తే దానికి మనసులో కారణం ఉందా? వర్ణన కథను నడుపుతోందా, ఆపుతోందా? కవికి కావలసిన మొదటి గుణం భావనాశక్తి అన్నారు. ఇంగ్లీషు విమర్శకులు ఇమాజినేషన్ అని దేన్ని అంటారో దానికి దగ్గరగా ఆయన వాడిన మాట అది. లేనిదాన్ని ఉన్నట్టు చూడగలగడం, విడివిడిగా ఉన్నవాటిని ఒక్కటిగా చేయగలగడం. ఆ శక్తి సూరనలో నిండుగా ఉందన్నది ఆయన తీర్పు. తిక్కన పాత్రల్ని మలిచే తీరు కూడా ఆయనకు అందుకే ఇష్టం.

ఇక్కడితో ఆగి ఉంటే ఇంగ్లీషు చదివొచ్చిన ఒకాయన తెలుగు కావ్యానికి ఇంగ్లీషు కొలబద్ద పెట్టాడని సరిపెట్టుకునేవాళ్ళం. కానీ ఆయన చరిత్ర విద్యార్థి. ఒక కాలంలో కవిత్వం ఎందుకు జీవంతో ఉంటుంది, ఇంకో కాలంలో ఎందుకు ఎండిపోతుంది అని కూడా అడిగారు. జవాబు కవుల దగ్గర మాత్రమే వెతకలేదు. వాళ్ళు బతికిన సమాజంలో వెతికారు. కవికి అన్నం పెట్టేది ఎవరు, కావ్యం వినేది ఎవరు, ఆ వినేవాళ్ళకు ఏం కావాలి? రాజుగారి కొలువు ఒక్కటే కవికి దిక్కయినప్పుడు, ఆ కొలువుకూ జనానికీ సంబంధం తెగిపోయినప్పుడు, కవి చెప్పిందే చెబుతూ వర్ణనలు పెంచుకుంటూ పోతాడు. స్త్రీ అంటే అవయవాల పట్టికగా మారిపోతుంది. ఇలాంటి శృంగార వర్ణనల మీద ఆయనకు చాలా చిరాకు. సాహిత్యం క్షీణించడాన్ని సమాజం క్షీణించడంతో కలిపి చూశారు.

ఇది చిన్న మార్పు కాదు. కావ్యం బాగుందా లేదా అన్న ప్రశ్న పక్కన, కావ్యం ఎందుకు ఇలా ఉంది అన్న ప్రశ్న కూడా వచ్చి కూర్చుంది. మొదటి దానికి అలంకారశాస్త్రం చాలు. రెండోదానికి చరిత్ర కావాలి, ఆర్థికం కావాలి, మనుషుల మనసు తెలియాలి.

అర్థశాస్త్రం తెలుగులో

ఆయన ఆర్థికం గురించి రాసింది కూడా ఆ మైసూరు రోజుల్లోనే. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి అప్పట్లో చరిత్ర, విజ్ఞానశాస్త్రాల పుస్తకాలు తెలుగులో వేస్తోంది. ఆ కాలపు పట్టుదలలోనే రెడ్డిగారి ‘భారత అర్థశాస్త్రము’ కూడా పుట్టింది. శ్రమ, మూలధనం, ధర, వ్యాపారం లాంటి విషయాలను తెలుగులో చెప్పాలంటే అప్పటికి మాటలే సరిగ్గా లేవు. పాత మాటలకు కొత్త పని చెప్పాలి, లేకపోతే కొత్త మాటలు చేసుకోవాలి.

మన క్లాసులో ఎకనామిక్స్ ఇంగ్లీషులో చదివి, అర్థం చేసుకోవడానికి మనసులో తెలుగులోకో తమిళంలోకో మార్చుకునే మనకు ఆ కష్టం బాగా తెలుసు. పద్యానికి మాట వెతికే మనిషీ, మూలధనానికి మాట వెతికే మనిషీ ఒకరే కావడం యాదృచ్ఛికం అని నాకు అనిపించదు. రెండుచోట్లా ఆయన అడుగుతున్నది ఒకటే: తెలుగు ఈ పని చేయగలదా? చేయగలదని చేసి చూపించారు.

అందరూ ఒప్పుకోలేదు

కవిత్వతత్త్వ విచారం వచ్చాక పండితుల్లో గొడవ లేచింది. ప్రతివిమర్శలు వచ్చాయి. మన కావ్యాన్ని మన లక్షణాలతో చూడాలి గానీ ఎక్కడో పుట్టిన కొలతలతో చూస్తారా అన్నది ముఖ్యమైన అభ్యంతరం. దీన్ని పాతకాలపు చాదస్తం అని కొట్టిపారేయలేం. ప్రబంధం నవల కాదు. వర్ణన దాని ప్రాణం. పాడి వినిపించుకునే పద్యానికి ఒక అందం ఉంటుంది, అది కథ వేగంతో కొలిస్తే దొరకదు. రెడ్డిగారు కొన్నిచోట్ల ఆ అందానికి చెవి ఇవ్వలేదేమో అనిపిస్తుంది.

ఇంకొక అభ్యంతరం నాదే. ముసలమ్మ గురించి. కావ్యం ఆమెను గొప్ప త్యాగమూర్తిగా చూపిస్తుంది. చదువుతుంటే కళ్ళు తడుస్తాయి, నిజమే. కానీ ఊరంతా ఉండగా దైవవాణి కోడలి పేరే ఎందుకు పలికింది? చెరువుకట్ట కోసం ఆడపిల్ల ప్రాణమిచ్చిన కథలు తెలుగునాట మాత్రమే లేవు. కన్నడంలో ‘కెరెగె హార’ అనే జానపద గీతంలో భాగీరథి అనే చిన్న కోడలి కథ ఇలాగే ఉంటుంది. ఇన్నిచోట్ల ఒకే కథ ఉందంటే అది ఒక్క ముసలమ్మ త్యాగం కాదు. ఒక సమాజం తన నీళ్ళ భయాన్ని ఎవరి మీద పెట్టింది అన్న ప్రశ్న. బయటి ఇంటినుంచి వచ్చిన పిల్ల, ఇంట్లో అందరికన్నా తక్కువ మాట ఉన్న పిల్ల, కోడలు.

రెడ్డిగారు ఆ ప్రశ్న అడగలేదు. 1899లో పందొమ్మిదేళ్ళ అబ్బాయి అడగకపోవడం వింత కాదు. అయితే కావ్యానికి సమాజం వైపు నుంచి ప్రశ్న వేయవచ్చని తెలుగులో నేర్పినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉన్నారు. ఆయన పద్ధతితోనే ఆయన కావ్యాన్ని ప్రశ్నించగలుగుతున్నాం. నాకు ఇది ఆయన గొప్పతనానికి తక్కువేమీ కాదు అనిపిస్తుంది.

రాజకీయం, విశ్వవిద్యాలయం

1921లో మైసూరు ఉద్యోగం వదిలి మద్రాసు రాజకీయాల్లోకి వచ్చారు. జస్టిస్ పార్టీలో చేరి, దానితో పడక బయటికి వచ్చి, 1923లో పానగల్లు రాజావారి మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. తీర్మానం ఓడిపోయింది. ఇలాంటి తీర్మానం ఈ దేశపు చట్టసభల్లో రావడం అదే మొదలు. రాజకీయాల్లో ఆయన ఎక్కువకాలం ఒక చోట కుదురుకోలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట బెజవాడలో, తర్వాత వాల్తేరులో. మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. భవనాలు లేవు, డబ్బు లేదు, ఊరు కూడా తేలలేదు. ఆ స్థితిలో కూడా ఆయన చేసిన ఒక పని మన అంశానికి చాలా దగ్గరిది. 1928లో విశ్వవిద్యాలయం తరఫున అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలు ఏర్పాటయ్యాయి. ఇచ్చింది ఆ మైసూరు తెలుగు పండితులు రాళ్ళపల్లి వారే. వేమన పద్యాలు జనం నాలుకమీద ఉండేవి గానీ పండితులు ఆయన్ని కవిగా లెక్కపెట్టేవారు కాదు. రాళ్ళపల్లి వారు వేమన కాలం, మతం, సంఘం, కవిత్వం అన్నీ కలిపి చూశారు. ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి ఇప్పటికీ వేమన మీద మొదట చదవాల్సిన పుస్తకంగా నిలిచాయి.

1930లో శాసనోల్లంఘన ఉద్యమం మీద ప్రభుత్వం విరుచుకుపడినప్పుడు, దానికి నిరసనగా రెడ్డిగారు పదవికి రాజీనామా చేశారు. కట్టుకుంటున్న ఇల్లు సగంలో వదిలి వెళ్ళినట్టే. ఆయన తర్వాత 1931లో ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరనుకున్నారు? తిరుత్తణి రాధాకృష్ణన్ గారు. ఆయన హయాంలో ఠాగూరు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. హుమాయూన్ కబీర్, వి.కె.ఆర్.వి. రావు లాంటి వాళ్ళు పాఠాలు చెప్పారు. ఒకరు కవి, తత్త్వవేత్త. ఇంకొకరు ఆర్థికవేత్త. 1936లో రాధాకృష్ణన్ గారు వెళ్ళాక మళ్ళీ రెడ్డిగారే వచ్చి 1949 దాకా ఉన్నారు. అంటే తెలుగువాళ్ళ మొదటి విశ్వవిద్యాలయాల్లో ఒకదాన్ని దాదాపు ఇరవై మూడేళ్ళు పాత ఉత్తర ఆర్కాటు వాళ్ళిద్దరే నడిపారన్నమాట. ఇది మన తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు ఎంతమందికి తెలుసు?

ఆ రెండో విడతలో సైన్సు, సాంకేతిక శాఖలు పెరిగాయి. జయపురం మహారాజావారి విరాళాలు దానికి ఆధారమయ్యాయి. 1938లో వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం జీవితం పెట్టిన గిడుగు రామమూర్తి గారికి విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. 1942లో యుద్ధభయంతో విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు తరలించాల్సి వచ్చింది. అన్నిటినీ దాటించారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు కూడా ఇచ్చింది. ప్రభుత్వానికి నిరసనగా ఒకసారి కుర్చీ వదిలిన మనిషికి తర్వాత అదే ప్రభుత్వం బిరుదు ఇవ్వడం, ఆయన తీసుకోవడం, ఈ రెండూ ఆయన జీవితంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆయన్ని ఒక్క గీతలో గీయలేం.

చివరి రోజుల్లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్ళారు. పెళ్ళి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

మనకు ఏం మిగిలింది

ఆయన వేసిన దారిలో తర్వాత చాలామంది నడిచారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. ఆయన ఇదే దారిలో అటువైపు నుంచి వచ్చారు. రెడ్డిగారు చరిత్ర సాయంతో కావ్యం చదివితే, ప్రతాపరెడ్డి గారు కావ్యాల సాయంతో చరిత్ర రాశారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లో వెతికారు. ఆ పుస్తకానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కళాపూర్ణోదయాన్ని వెల్చేరు నారాయణరావు గారు, డేవిడ్ షుల్మన్ గారు 2002లో ఇంగ్లీషులోకి తెచ్చారు. మణిస్తంభుడూ సుముఖాసత్తీ రూపాలు మార్చుకున్న ఘట్టాన్ని ఇవాళ స్త్రీపురుష భేదం గురించి ఆలోచించేవాళ్ళు ఇంకో కంటితో చదువుతారు. కావ్యం పాతదే. ప్రశ్న మారినప్పుడల్లా కొత్త జవాబు ఇస్తోంది.

తెలుగు తీసుకుంటే ఏం లాభం అని మనలో ప్రతి ఒక్కరినీ ఎవరో ఒకరు అడిగే ఉంటారు. అందులోనూ తమిళనాట ఉండి తెలుగు చదివితే ఆ ప్రశ్న రెండింతలు వినపడుతుంది. దానికి జవాబుగా తెలుగు తీయదనం, తెలుగు వెలుగు అని చెప్పుకుంటాం. రెడ్డిగారి జీవితం ఇచ్చే జవాబు వేరు. తెలుగు కావ్యాన్ని నిజంగా చదవాలంటే చరిత్ర చదవాలి, ఆర్థికం చదవాలి, పక్క భాష చదవాలి, ఊరి కథ వినాలి. తెలుగు తీసుకున్నవాళ్ళు తక్కువ చదివేవాళ్ళు కాదు, ఎక్కువ చదవాల్సినవాళ్ళు. లాభం అంటే ఇదే అనుకుంటాను. పైగా ఇంట్లో రెండు భాషలున్న మనలాంటి వాళ్ళకు ఈ పనిలో సగం ఇంట్లోనే జరిగిపోతుంది.

అందుకని ఒక పని అనుకుందాం. మన తిరువళ్ళూరు వైపు చెరువు లేని ఊరు తక్కువ. తెలుగులో చెరువు అన్నా, తమిళంలో ఏరి అన్నా, ప్రతి కట్ట మీదా ఒక అమ్మవారు ఉంటుంది, చాలాచోట్ల ఆమెకు ఒక కథ ఉంటుంది. మీ అవ్వనో అమ్మమ్మనో పాట్టినో అడిగి, మీ ఊరి చెరువు కథ ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకు రండి. అందులో ఆడమనిషి ఉందా, ఆమె ఆ ఇంటికి కూతురా కోడలా, ఏ కులం, ఎవరు ఆమెను అడిగారు, ఎవరు ఏడ్చారు, ఇవి కూడా అడగండి. హిస్టరీ వాళ్ళూ ఎకనామిక్స్ వాళ్ళూ కూడా తేవచ్చు. తర్వాతి గోడపత్రికలో అన్నీ పక్కపక్కన అంటిద్దాం. ముసలమ్మ ఒక్కతే ఉందో, మన ఊళ్ళలోనూ ఉందో అప్పుడు చూద్దాం.

ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని, వెంగల్